రన్‌వే అంచు దీపాలకు స్క్రీన్ ఉన్న కేబులా, లేని కేబులా: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 4

రన్‌వే అంచు దీపాల రెండు సర్క్యూట్లకూ కేబుల్ మొత్తం మార్చే పని ఈ రోజు మా విభాగం చేతికి వచ్చింది. రన్‌వే పొడవు 2,700 మీటర్లు. ఇన్‌స్ట్రుమెంట్ రన్‌వే మీద అంచు దీపాల మధ్య ఎడం 60 మీటర్లు దాటకూడదన్న నిబంధన ప్రకారం ఒక్కో పక్క 46 చొప్పున మొత్తం 92 దీపాలు ఉన్నాయి. వీటిని ఒకటి విడిచి ఒకటిగా రెండు సర్క్యూట్లకు పంచారు కాబట్టి, ఒక సర్క్యూట్ పూర్తిగా ఆగిపోయినా, దీపాల ఎడం రెట్టింపవుతుందే తప్ప రన్‌వే రెండు అంచులూ మొదటి నుంచి చివరి దాకా పైలట్ కంటికి ఆనుతూనే ఉంటాయి. ఒక్కో సర్క్యూట్ సబ్‌స్టేషన్‌లోని కాన్‌స్టెంట్ కరెంట్ రెగ్యులేటర్ దగ్గర, అంటే కరెంటును ఒకే స్థాయిలో నిలిపే, మేము సీసీఆర్ అని పిలిచే యంత్రం దగ్గర బయలుదేరి, ఎడమ అంచు వెంట సాగి, అవతలి కొసన రన్‌వే కింది డక్టులో దాటి, కుడి అంచు వెంట తిరిగి వస్తుంది. సబ్‌స్టేషన్‌కూ రన్‌వేకూ మధ్య రానుపోను కేబుళ్లు, అంటే ఫీడర్లు కూడా కలిపితే ఒక్కో సర్క్యూట్‌కు 7.3 కిలోమీటర్ల కేబుల్ అవుతుంది.

ఇంటి వైరింగ్ మాత్రమే తెలిసినవారి కోసం ఒక మాట. ఇంట్లో దీపాలన్నిటికీ ఒకే వోల్టేజీ అందుతుంది. ఇక్కడ దీపాలన్నిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. పూర్తి వెలుగుకు 6.6 ఆంపియర్లు, ఆపైన ఒక్కో మెట్టు దిగుతూ 5.2, 4.1, 3.4, 2.8 ఆంపియర్లు. దూరంగా ఉన్న దీపం మసకబారకుండా అన్నీ సమానంగా వెలగడానికే ఈ సిరీస్ పద్ధతి. ప్రతి దీపానికీ నేలలోని చిన్న గుంటలో, అంటే పిట్‌లో, ఒక ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి, ఒక బల్బు కాలిపోయినా ప్రైమరీ సర్క్యూట్ తెగదు. అయితే వరుసగా కూడుకుంటూ వచ్చిన వోల్టేజీ అంతా సీసీఆర్ కొసల దగ్గర, ఫీడర్ కేబుల్ ఇన్సులేషన్ మీద పడుతుంది. అందుకే అంత చిన్న కరెంటుకు 5 కిలోవోల్టుల కేబుల్ వేస్తారు.

టెండరు డ్రాయింగులో ఉన్నది "ఒంటి కోర్, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి, 5 కిలోవోల్టులు" అని మాత్రమే. స్క్రీన్ సంగతి, అంటే ఇన్సులేషన్ మీద చుట్టి ఎర్త్ చేసే రాగి పొర ఉండాలా వద్దా అన్నది రాయలేదు. కాంట్రాక్టరు ఈ ఉదయం లేఖ ద్వారా అడిగినది సరిగ్గా అదే. మూడు వారాల్లో జవాబు ఇవ్వాలి, ఎందుకంటే కేబుల్ తయారై రావడానికి పట్టే సమయం పోగా తొలకరికి ముందు మాకు మిగిలే రాత్రులు తక్కువ.

ఫిబ్రవరి 10

వారం రోజులు ప్రమాణాలు చదవడానికే సరిపోయింది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల్లో నాలుగో సెక్షన్, బి సిరీస్, మొదటి భాగం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 14వ అనుబంధాన్ని అనుసరిస్తుంది. దీపాల ఎడం ఎంత, ఎన్ని శాతం దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, ప్రధాన సరఫరా పోతే ఎన్ని సెకన్లలో ప్రత్యామ్నాయం అందాలి అన్నవి అందులో ఉన్నాయి. దీపం ఎలా వెలగాలో అది చెబుతుంది గానీ, దానికి వెళ్లే కేబుల్‌కు రాగి స్క్రీన్ చుట్టాలో వద్దో చెప్పదు. అమెరికాలో ఎల్-824 తరగతి కేబుల్ ప్రామాణికం. అక్కడ విస్తారంగా వేసేది స్క్రీన్ లేనిదే, మెరుపుల నుంచి రక్షణకు కేబుల్ మార్గం పైన విడిగా ఒట్టి రాగి తీగను పాతుతారు. యూరప్‌లో చాలా విమానాశ్రయాల్లో స్క్రీన్ ఉన్న కేబుల్ వేస్తారు. రెండు రకాలూ దశాబ్దాలుగా పని చేస్తున్నాయి కాబట్టి, ఏది గొప్పదన్న వాదనలో నాకు పస కనిపించలేదు. మా నేలకు, మా డక్టులకు, మా మనుషులకు ఏది సరిపోతుందన్నదే తేల్చవలసిన విషయం.

సబ్‌స్టేషన్ రిజిస్టరు తిరగేస్తే ఒక సంగతి కళ్లకు కట్టింది. ఇప్పుడున్న స్క్రీన్ లేని కేబుల్‌తో ఏ-సర్క్యూట్ మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం; అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది) రీడింగ్ ఈ నెల 41 మెగా ఓమ్‌లు; గత అక్టోబరులో అదే సర్క్యూట్ 3 మెగా ఓమ్‌లు. అంతకు ముందు ఏడాది కూడా ఇదే వరుస: ఎండాకాలంలో పైకి, వానల్లో కిందికి. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నిర్వహణ సర్క్యులర్ ప్రకారం ఆరు కిలోమీటర్లు దాటిన సర్క్యూట్‌కు సూచించిన కనీసం 30 మెగా ఓమ్‌లు. అంటే ఫిబ్రవరిలో కొలిచినవారు నిశ్చింతగా సంతకం పెట్టారు, అక్టోబరులో కొలిచినవారు ఆందోళన పడ్డారు. కేబుల్ మాత్రం రెండు నెలల్లోనూ ఒక్కటే, దాని గాయమూ ఒక్కటే.

ఫిబ్రవరి 17

ఈ రోజు సమావేశంలో వినిపించిన మొదటి వాదన, స్క్రీన్ ఉంటే పక్కనున్న ఐఎల్ఎస్ (విమానం దిగడానికి దారి చూపే రేడియో వ్యవస్థ), టెలిఫోన్ కేబుళ్లకు అంతరాయం ఉండదని. ఇది సగమే నిజం. ఎర్త్ చేసిన రాగి టేపు విద్యుత్ క్షేత్రాన్ని లోపలే ఆపుతుంది. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని మాత్రం ఆ పలుచని టేపు దాదాపు ఆపలేదు. దానికి మందు వేరే ఉంది: పోయే కేబులూ వచ్చే కేబులూ వీలైనంత మేర ఒకే కాలువలో పక్కపక్కన పడుకోవాలి, సిగ్నల్ కేబుళ్లకు ఎడం పాటించాలి, దాటవలసి వస్తే లంబంగా దాటాలి. ఫీడరు మార్గంలో ఇది సాధ్యమే. అంచుల వెంట మాత్రం సర్క్యూట్ రన్‌వేను చుట్టి వస్తుంది కాబట్టి సాధ్యం కాదు. అందువల్ల అంతరాయాన్ని కారణంగా చూపి స్క్రీన్ కొనడం సరి కాదని నేను నోట్‌లో స్పష్టంగా రాశాను. కొనదలిస్తే సరైన కారణంతోనే కొనాలి.

రెండో వాదన దీనికి ఎదురుగా వచ్చింది: స్క్రీన్ ఉంటే కేబుల్ పొడవునా కెపాసిటర్‌లా మారి, కరెంటు దారిలోనే కారిపోయి, దూరపు దీపాలకు వెలుగు తగ్గుతుందని. దీన్ని మాటలతో కాక లెక్కతోనే తేల్చాలనిపించి మధ్యాహ్నం కూర్చున్నాను. రాగి తీగ వ్యాసం సుమారు 3.1 మిల్లీమీటర్లు, ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ మందం 2.8 మిల్లీమీటర్లు అనుకుంటే కెపాసిటెన్స్ కిలోమీటరుకు దాదాపు 0.12 మైక్రోఫారడ్లు, 7.3 కిలోమీటర్లకు 0.88. ఇక వోల్టేజీ. 46 దీపాలకు 200 వాట్ల చొప్పున 9.2 కిలోవాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నష్టం మరో కిలోవాటు, కిలోమీటరుకు 3.08 ఓమ్‌ల రాగిలో 6.6 ఆంపియర్లకు పోయేది ఇంకో కిలోవాటు. మొత్తం 11.2 కిలోవాట్లను 6.6తో భాగిస్తే సీసీఆర్ కొసల మధ్య 1,700 వోల్టులు. సర్క్యూట్ ఎర్త్‌కు ముడిపడకుండా తేలుతూ ఉంటుంది కాబట్టి నడిమి భాగం సున్నా దగ్గర ఉండి, రెండు కొసలూ చెరో 850 వోల్టుల దగ్గర ఉంటాయి. ఒక్కో సగం మీద సగటు 425 వోల్టులు. అప్పుడు స్క్రీన్‌లోకి మళ్లే కరెంటు 60 మిల్లీ ఆంపియర్ల లోపే. ఒక కొస ఎర్త్ అయిపోయిన చెడు పరిస్థితిలో కూడా అది 0.24 ఆంపియర్లు దాటదు. పైగా అది దీపాల కరెంటుకు 90 డిగ్రీల తేడాలో ఉంటుంది కాబట్టి వర్గాల లెక్కన కలిపితే 6.6 ఆంపియర్లలో వచ్చే మార్పు వెయ్యిలో ఒక వంతు కూడా కాదు.

ఇందులో ఎవరూ లెక్కలోకి తీసుకోని అంశం ఇంకొకటి ఉంది. నల్లరేగడి నేల తడిసి కేబుల్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు ఆ తడి మట్టే స్క్రీన్‌లా పని చేస్తుంది, కెపాసిటెన్స్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే స్క్రీన్ లేని కేబుల్ ఈ కెపాసిటెన్స్ నుంచి తప్పించుకున్నది లేదు. దాన్ని వానాకాలానికి వాయిదా వేసిందంతే.

థైరిస్టర్ రకం సీసీఆర్ తక్కువ మెట్ల మీద తరంగాన్ని నిటారుగా కోస్తుంది కాబట్టి హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు గుణిజాలైన పౌనఃపున్యాలు) వద్ద ఈ కారే కరెంటు పెరుగుతుందన్నది నిజమే. ప్రైమరీ కేబుల్ మీదుగానే ఒక్కో దీపానికి సంకేతాలు పంపే నియంత్రణ వ్యవస్థ ఉన్నచోట ఆ తయారీదారు చెప్పిన కేబులే వేయాలి. మా దగ్గర అలాంటి వ్యవస్థ లేదు.

ఫిబ్రవరి 24

కాంట్రాక్టరు రెండు రకాల నమూనాలూ ఇరవై మీటర్ల చొప్పున తెచ్చాడు. వాటితో సబ్‌స్టేషన్ వెనుక ఆవరణలో ఒక పరీక్ష చేశాము.

రెండు ముక్కలనూ రెండు పొడి పీవీసీ పైపుల్లో దూర్చి, రెండింటికీ మధ్యలో పైపు మీదుగా ఒక్కో ఇనుప మేకు దిగ్గొట్టాము. మేకు పై తొడుగునూ ఇన్సులేషన్‌నూ చీల్చుకుని రాగిని తాకింది. దాన్ని పీకకుండా అలాగే ఉంచాము. రన్‌వే పక్కన గుంజ పాతేవారు, మట్టి తవ్వేవారు చేసే గాయం ఇలాగే ఉంటుంది. మెగ్గర్‌ను 1,000 వోల్టులకు పెట్టి, ఒక కొసను రాగికి, మరో కొసను ఎర్త్‌కు తగిలించాము. స్క్రీన్ ఉన్న ముక్కలో స్క్రీన్ ఎర్త్ అయి ఉంది కాబట్టి రీడింగ్ వెంటనే సున్నాకు పడిపోయింది. స్క్రీన్ లేని ముక్క పూర్తి రీడింగ్ చూపింది. మేకు రాగిలోకి దిగి ఉన్నా, ఆ మేకు చుట్టూ ఉన్నది పొడి గాలీ ప్లాస్టిక్కూ మాత్రమే కాబట్టి పరికరానికి అక్కడ లోపమే కనిపించలేదు. అప్పుడు మా సహాయకుడు బిందెడు నీళ్లు ఆ పైపులో పోశాడు. నీరు మేకును ముంచి, పైపు కొస నుంచి నేల మీదికి పారిన క్షణంలో అంకెలు జారిపోయి సున్నా దగ్గర ఆగాయి.

పదేళ్లుగా మెగ్గర్ పట్టుకుంటున్న నాకు ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. కానీ కేబుల్ సగం దూరం పొడి డక్టుల్లోనే ఉండే మా రన్‌వేకు దీని అర్థం ఏమిటో ఈ రోజు స్పష్టంగా తెలిసింది. ఇన్సులేషన్ చుట్టూ ప్రతి అంగుళం దగ్గర ఎర్త్ ఉంటేనే మెగ్గర్ చెప్పేది ఇన్సులేషన్ సంగతి. లేకపోతే అది చెప్పేది ఆ రోజు నేల తడి సంగతి. ఇకపై ఈ ప్రాజెక్టులో స్క్రీన్ గురించి నా వాదన ఇదొక్కటే.

ఫిబ్రవరి 26

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, వేరే చోట, వానాకాలపు ఒక రాత్రి నేను చూసినది ఇక్కడ రాయడం అవసరం. సిరీస్ సర్క్యూట్‌లో ఒక చోట ఎర్త్ లోపం వస్తే ఏ దీపమూ ఆరదు, ఎందుకంటే కరెంటు తిరిగి వెళ్లడానికి రెండో దారి ఉండదు. ఆ మంచితనమే ప్రమాదం. మొదటి లోపం ఎండాకాలమంతా పొడి డక్టులో దాగి ఉంది, రిజిస్టరులో రీడింగ్‌లు బాగున్నాయి. శ్రావణంలో డక్టు నిండింది, మరో చోట పాత జాయింటులోకి నీరు చేరింది. రెండు చోట్లా ఎర్త్ కావడంతో కరెంటు నేల గుండా దగ్గర దారి చూసుకుంది, ఆ రెండు చోట్ల మధ్య ఉన్న పదకొండు దీపాలు మసకబారిపోయాయి. సీసీఆర్ మాత్రం తన కొసల దగ్గర 6.6 ఆంపియర్లు సరిగ్గా పంపుతూ, అంతా సవ్యంగా ఉన్నట్లు చూపింది. సమస్యను మాకు చెప్పింది కంట్రోల్ టవర్. హాలోజెన్ దీపంలో కరెంటు 6.6 నుంచి 5.2 ఆంపియర్లకు దిగితేనే వెలుగు మూడో వంతుకు కూడా చేరదు. ఆ రాత్రి ఆ దీపాల్లో అంతకంటే తక్కువే ఉండి ఉంటుంది.

ఆ మరుసటి రాత్రే, ఆపి వేసిన సర్క్యూట్ కొసను ముట్టుకోబోతూ అలవాటుగా మీటరు పెడితే 140 వోల్టులు కనిపించాయి. అదే డక్టులో ఆనుకుని నడుస్తున్న మరో సర్క్యూట్ నుంచి వచ్చినవి అవి. స్క్రీన్ ఉంటే విద్యుత్ క్షేత్రం వల్ల చేరే వోల్టేజీ ఆగుతుంది, అయస్కాంత ప్రేరణ వల్ల చేరేది ఆగదు. కాబట్టి స్క్రీన్ వేసినా, రెండు కొసలూ ఎర్త్ చేయకుండా ఎవరూ చేయి పెట్టకూడదన్న నియమంలో ఒక్క అక్షరం కూడా మార్చడానికి నేను ఒప్పుకోను.

మార్చి 5

ఇక స్క్రీన్‌కు ఎదురుగా నిలిచే నిజమైన అంశం జాయింటు. ప్రతి దీపం దగ్గర కేబుల్ తెగి, ట్రాన్స్‌ఫార్మర్ రెండు కాళ్లకూ రెండు కనెక్టర్లతో కలుస్తుంది. సర్క్యూట్‌కు 92, రెండు సర్క్యూట్లకు 184. స్క్రీన్ లేని కేబుల్‌కు కనెక్టర్ కిట్ బిగించడానికి మా జాయింటర్‌కు పావుగంట పడుతుంది. ఈ రోజు స్క్రీన్ ఉన్న నమూనా మీద ఆయన చేత మూడు జాయింట్లు చేయించి గడియారం చూశాను. నలభై నిమిషాలు.

ఆయనకు అరవై దగ్గర పడ్డాయి, 11 కిలోవోల్టుల కేబుళ్ల మీద జీవితమంతా పని చేసిన చేయి. పక్కన కూర్చుని చూశాను. ముందు పై తొడుగును కొలత ప్రకారం ఒలిచి, రాగి టేపును సన్నటి తీగతో కట్టి, ఆ కట్టు అంచున గుండ్రంగా గీసి చింపారు; అంచున ఒక్క మొన కూడా లేవకూడదు, లేస్తే విద్యుత్ ఒత్తిడంతా ఆ మొన దగ్గరే గుమిగూడుతుంది. టేపు కింద, కరెంటును కొద్దిగా పారనిచ్చే నల్లని సెమీకాన్ పొర ఉంది. దాన్ని తీసేటప్పుడు కత్తి దాని మందంలో సగానికే దిగాలి. లోతుగా దిగితే ఇన్సులేషన్ మీద గాటు పడి, ఆ గాటులో గాలి మిగిలి, ఏళ్ల తరబడి లోలోపల కాలుతుంది. తర్వాత గరుకు కాగితంతో రుద్దారు. ఎమెరీ కాగితం ఎందుకు వాడరని నా వెంట ఉన్న కొత్త ఇంజనీరు అడిగితే, దాని రేణువులు కరెంటును పారనిస్తాయని చెప్పారు. చివరగా ద్రావకంలో తడిపిన గుడ్డతో రాగి కొస వైపు నుంచి సెమీకాన్ వైపుకు ఒకే దిక్కున తుడిచారు, ప్రతిసారీ గుడ్డ మడత మార్చి.

"వెనక్కి తుడిస్తే నల్లది తెల్లదాని మీదికి వస్తుంది సార్. రాత్రిపూట టార్చి వెలుగులో అది కంటికి ఆనదు. అందుకే చేతికి అలవాటు చేసుకోవాలి" అన్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్క్రీన్ తెగిపోతుంది కాబట్టి, రెండు వైపుల స్క్రీన్లనూ జాయింటు బయటి నుంచి ఒక రాగి లంకె తీగతో కలపాలి. ఆ తీగ బయటికి వచ్చే చోట సీలు సరిగా లేకపోతే పిట్‌లోని నీరు టేపు వెంట పాకి జాయింటు గుండెల్లోకి చేరుతుంది. అంటే స్క్రీన్ కేబుల్‌కు రక్షణ ఇస్తూనే జాయింటులో కొత్త బలహీనతను కూడా తెచ్చిపెడుతుంది. ఈ వాస్తవాన్ని నోట్‌లో చిన్నదిగా చేసి రాయలేదు.

మార్చి 12

నిర్ణయం జరిగింది. రన్‌వే అంచు దీపాల రెండు సర్క్యూట్లకూ, సబ్‌స్టేషన్ నుంచి సబ్‌స్టేషన్ దాకా, మధ్యలో ఎక్కడా రకం మార్చకుండా, స్క్రీన్ ఉన్న కేబుల్ వేస్తాము. ట్యాక్సీవే సర్క్యూట్లకు ఇప్పుడున్న స్క్రీన్ లేని కేబులే కొనసాగుతుంది.

డక్టుల్లో మాత్రం స్క్రీన్ ఉన్నది వేసి, నేలలో పాతే చోట స్క్రీన్ లేనిది వేస్తే డబ్బు మిగులుతుంది కదా అన్న ప్రతిపాదన ఒకటి వచ్చింది. లెక్కకు అది బాగానే ఉంది. అయితే రకం మారిన ప్రతి చోటా స్క్రీన్ కొస వేలాడుతుంది, దానికి విడిగా ఎర్త్ కావాలి, కొలిచిన రీడింగ్‌కు మళ్లీ అర్థం చెప్పలేని స్థితి వస్తుంది. సగం దూరం నమ్మదగిన రీడింగ్ నాకు పనికిరాదు.

ధర గురించి ఎక్కువ చర్చ జరగలేదు. రాత్రుల గురించే జరిగింది. 184 జాయింట్లకు నలభై నిమిషాల చొప్పున 123 గంటలు. ఇద్దరు జాయింటర్లు, చివరి విమానం వెళ్లాక రాత్రికి నాలుగు గంటల నికరమైన పని దొరికితే పదహారు రాత్రులు. స్క్రీన్ లేని కేబుల్‌కైతే ఆరు. ఆ పది రాత్రుల తేడాకు నోటామ్‌లు (పైలట్లకు ముందుగా ఇచ్చే అధికారిక సూచనలు), విమానాల సమయాలు, మనుషుల నిద్ర అన్నీ సర్దుబాటు చేసుకోవాలి. మా ఉన్నతాధికారి చివరికి, రాత్రులు ఒక్కసారే పోతాయని, రీడింగ్‌లు పాతికేళ్లు చూసుకోవాలని అంటూ సంతకం పెట్టారు.

స్క్రీన్ ఎర్తింగ్ విషయంలో ఒక రోజంతా ఆలోచించాము. సర్క్యూట్ రన్‌వేను చుట్టి వస్తుంది కాబట్టి స్క్రీన్‌ను రెండు కొసలా ఎర్త్ చేస్తే అది మూసుకున్న ఉంగరమై, లోపలి తీగ కరెంటు వల్ల దానిలోనూ కరెంటు తిరుగుతుంది. ఒకే చోట ఎర్త్ చేస్తే ఆ కరెంటు ఉండదు, కానీ కిలోమీటర్ల దూరంలో పిట్‌లో చేయి పెట్టే మనిషికి స్క్రీన్ మీద ఎంత వోల్టేజీ ఉందో భరోసా ఉండదు. స్క్రీన్ నిరోధం లెక్కన తిరిగే కరెంటు ఒక ఆంపియరు లోపే ఉంటుందని తేలడంతో, మనిషి భద్రత వైపే మొగ్గాము. సబ్‌స్టేషన్‌లో రెండు కొసలూ, రన్‌వే రెండు చివర్ల దగ్గరి పిట్లలోనూ ఎర్త్ చేస్తాము. ప్రతిదానికీ విప్పగలిగే లంకె పెడతాము, ఎందుకంటే లంకెలు విప్పి స్క్రీన్‌కూ నేలకూ మధ్య కొలిస్తే పై తొడుగు ఎక్కడైనా చిరిగిందేమో కూడా తెలుస్తుంది.

ఏప్రిల్ 28

కేబుల్ డ్రమ్ములు వచ్చాయి. ప్రతి డ్రమ్ము మీదే మెగ్గర్ చేసి రాసుకున్నాము. పాత డక్టులు శుభ్రం చేయడం అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది. ఒకదానిలో ఎలుకలు పెట్టిన గూడు, మరొకదానిలో గట్టిపడిన సిమెంటు. లాగుడు ఈ రాత్రి మొదలైంది.

మే 21

ఏ-సర్క్యూట్ జాయింట్లన్నీ నిన్నటితో పూర్తయ్యాయి. ఈ రాత్రి మొదటిసారి మొత్తం సర్క్యూట్‌ను కొలిచాము. వందల మెగా ఓమ్‌లు వస్తాయని ఎదురుచూసిన చోట 12 వచ్చింది. రోహిణి కార్తె ఇంకా మొదలు కాకుండానే నేల నెర్రెలిచ్చి ఉంది, ఎక్కడా చుక్క తడి లేదు. కాబట్టి తప్పు మా పనిలోనే ఉంది.

సర్క్యూట్‌ను మధ్యలో విడదీసి, చెడ్డ సగాన్ని మళ్లీ మధ్యలో విడదీసి వెతకడమే దారి. కేబుల్‌లోకి పల్స్ పంపి తిరిగి వచ్చే దాన్ని చూసే టీడీఆర్ పరికరం ఫీడరు మీద చక్కగా పని చేస్తుంది గానీ, మొదటి ట్రాన్స్‌ఫార్మర్ దాటి ముందుకు చూడలేదు. ఆరుసార్లు విడదీస్తే 46 పిట్లలో ఒకటి దొరుకుతుంది. 23, 35, 29, 32, 30, 31. రెండు గంటల ఇరవై నిమిషాలకు 31వ పిట్ ముందు కూర్చున్నాము. కనెక్టర్‌ను కోసి విప్పితే తెల్లని ఇన్సులేషన్ మీద, సెమీకాన్ అంచు నుంచి రాగి కొస దాకా, వేలి వెడల్పున పలుచని బూడిద రంగు చార ఉంది. ఎవరో గుడ్డను వెనక్కి లాగారు.

ఆ జాయింటు చేసినది రెండో జాయింటర్, యువకుడు. అతను తల దించుకుని నిలబడితే పెద్దాయన ఏమీ అనకుండా టార్చి అతని చేతికిచ్చి, "ఇటు రా, పక్కన కూర్చో" అని, కొత్త జాయింటును అతని చేతే మొదటి నుంచి చేయించారు. నాలుగున్నరకు రీడింగ్ 420 మెగా ఓమ్‌లు.

ఈ లోపం స్క్రీన్ లేని కేబుల్‌లో పుట్టేదే కాదని నేను నిజాయితీగా రాసుకోవాలి. సెమీకాన్ లేని చోట సెమీకాన్ చార ఉండదు. అదే సమయంలో, అది సర్క్యూట్‌కు కరెంటు ఇవ్వకముందే, పొడి నేలలో, మా కళ్ల ముందే బయటపడింది. జాయింట్ల తనిఖీ పట్టికలో ఒక గడి చేర్చాను: ఇకపై కనెక్టర్ మూసే ముందు ప్రతి ఇన్సులేషన్‌నూ రెండో మనిషి తెల్ల గుడ్డతో తుడిచి చూసి సంతకం చేయాలి.

జూన్ 6

బి-సర్క్యూట్ కూడా పూర్తయింది, 395 మెగా ఓమ్‌లు. రెండు సర్క్యూట్లకూ ఈ రాత్రి ఐదు మెట్లలోనూ కరెంటు ఇచ్చాము. పూర్తి మెట్టు మీద క్లాంప్ మీటరుతో స్క్రీన్ లంకెలో కొలిస్తే 0.5 ఆంపియర్లు, అంటే లెక్క తప్పలేదు. సీసీఆర్‌లోని ఎర్త్ లీకేజీ హెచ్చరికను రెండు స్థాయుల్లో అమర్చాము. వాహనంలో రన్‌వే పొడవునా తిరుగుతూ 92 దీపాలనూ ఒక్కొక్కటిగా చూశాము. కొసన ఉన్న దీపానికీ సబ్‌స్టేషన్ దగ్గరి దీపానికీ కంటికి తేడా కనిపించలేదు.

జూన్ 23

మృగశిర నిలిచి కురిసింది. మూడు రోజుల్లో రన్‌వే చుట్టూ ఉన్న స్ట్రిప్ అంతా చిత్తడి అయింది, 14 నుంచి 20 దాకా పిట్లలో నీరు మోకాలి లోతు నిలిచింది. ఈ రాత్రి కొలిచిన అంకెలు: ఏ-సర్క్యూట్ 405, బి-సర్క్యూట్ 380 మెగా ఓమ్‌లు. వానలకు ముందు పొడి నేల మీద చూసిన అంకెలకు దాదాపు సమానం.

తర్వాత, స్క్రీన్ లేని పాత కేబుల్ మీదే నడుస్తున్న ట్యాక్సీవే అంచు దీపాల సర్క్యూట్‌కు మెగ్గర్ తగిలించాము. మే నెల రిజిస్టరులో 36 ఉంది. ఈ రాత్రి 2. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, అంటే ఇప్పటికి రెండు చోట్ల పూర్తిగా ఎర్త్ కాలేదు; ఆ స్థితి రాకముందే లోపాన్ని పట్టుకోవాలి. రేపు రాత్రికి నోటామ్ కోరుతూ లేఖ పంపాను. పన్నెండో పిట్ దగ్గర మొదటి కోత, తడి ఆరకముందే.